500 కేసుల లెక్క

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనబడి, ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజుల పాటు దేశమంతా మూతపడుతుందని ప్రకటించారు. అప్పటికి దేశంలో నమోదైన కరోనా కేసులు 500 పైచిలుకు, మరణాలు పది దాకా. ఆ అంకెల మీద అప్పుడే ఒక వాదన లేచింది. ఇటలీ 9 వేల కేసులు దాటేదాకా దేశాన్ని మూయలేదు, బ్రిటన్ 6 వేలు దాటాక గానీ మేలుకోలేదు, మనం మాత్రం 500 దగ్గరే తలుపులు వేసేశాం. కూలీలకు కష్టం కలిగిన మాట నిజమే గానీ, ముందే వేయబట్టే అన్ని ప్రాణాలు దక్కాయి అని. ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిందీ ఇదే. ఆ ప్రభుత్వాన్ని మిగతా ప్రతి విషయంలో తప్పుపట్టే మిత్రులు కూడా ఈ ఒక్కచోటికి వచ్చేసరికి ‘అదైతే సరైన టైమే కదా’ అంటారు. ఇన్నేళ్లయినా ఆ మాట చెక్కుచెదరలేదు.

అది సరైన టైము కాదు. ఆ మాటను ఇప్పుడు కాదనకపోతే రేపు ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు ఇదే పని మళ్లీ ఇలాగే చేస్తారు, చేసి మళ్లీ ఇదే లెక్క చూపిస్తారు.

లాక్‌డౌనే అక్కర్లేదని వాదించేవాళ్లతో నాకు పొత్తు లేదు. టీకా లేదు, మందు లేదు, ఆ జబ్బు ఎవరిని ఎలా పట్టుకుంటుందో డాక్టర్లకే సరిగ్గా తెలియదు. మనుషుల్ని కొన్నాళ్లు ఎడంగా ఉంచడం తప్ప దారి లేని రోజులవి. లాక్‌డౌన్‌తో వ్యాప్తి నెమ్మదించింది కూడా. నా తగాదా అంతా దాన్ని వేసిన వేళ గురించే. ఆ వేళను ఇప్పటిదాకా వైరస్ వైపు నుంచి మాత్రమే లెక్కగట్టారు. ఇంట్లో రెండు రోజులకు మించి బియ్యం లేని మనిషి వైపు నుంచి కూడా లెక్కగట్టాలి. ఆ మనిషికి తిండి, అద్దె, ఊరికి చేరే దారి చూడకుండా వేసిన లాక్‌డౌన్ ఏ తేదీన వేసినా వేళ కాని వేళలో వేసినట్టే.

పోనీ, వైరస్ వైపు నుంచే చూద్దాం. దేశంలో మొదటి కేసు కేరళలో జనవరి 30న బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించిందీ అదే రోజున. అక్కడి నుంచి మార్చి 24కు 54 రోజులు. మార్చి 13న కూడా కేంద్ర ఆరోగ్య శాఖ అధికారి విలేకరుల ముందు ఇది ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదు, కంగారుపడొద్దు అని చెప్పారు. సరిగ్గా పదకొండు రోజులకు 130 కోట్ల మందిని ఇళ్లలో పెట్టి తలుపులేశారు. ఇక ఆ 500 అంకె సంగతి. అప్పటిదాకా దేశం మొత్తమ్మీద చేసిన పరీక్షలు పాతిక వేలు దాటలేదు. మార్చి 20 దాకా విదేశాల నుంచి వచ్చినవాళ్లకు, వాళ్లతో మెలిగినవాళ్లకు తప్ప దాదాపు ఎవరికీ పరీక్ష చేసే నియమమే లేదు. ఆసుపత్రిలో న్యుమోనియాతో రొప్పుతున్న మనిషికి విదేశీ ప్రయాణం లేకపోతే పరీక్ష లేదు. కాబట్టి 500 అనేది మనం వెతికినచోట దొరికిన లెక్క. దేశంలో జబ్బు ఎంత ఉందో చెప్పే లెక్క కాదది. ఇటలీ లెక్కతో దాన్ని పక్కపక్కన పెట్టి గర్వపడటానికి ఆధారం లేదు.

నన్ను ఇంతకంటే కలవరపెట్టేది గడువు సంగతి. జనతా కర్ఫ్యూ మార్చి 22న, పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా, పద్నాలుగు గంటలు. దాన్ని ప్రకటించింది 19 రాత్రి. అంటే పద్నాలుగు గంటల మూతకు రెండు రోజులకు పైగా గడువు. విదేశీ విమానాలు 22 నుంచి రావని చెప్పింది కూడా 19నే. విమానం టికెట్టు కొనగలిగినవాళ్లకు ఇంటికి చేరే అవకాశం ఇవ్వాలని ప్రభుత్వానికి తోచింది. అది సరైన పనే. దేశీయ విమానాలు 24 అర్ధరాత్రి నుంచి ఆగుతాయని 23నే చెప్పారు. పార్లమెంటు సభ్యులు 23న సభ ముగించుకుని ఊళ్లకు వెళ్లారు. 21 రోజుల మూతకు మాత్రం గడువు నాలుగు గంటలు. అది కూడా ఎలాంటి నాలుగు గంటలు? రైళ్లు రెండు రోజుల ముందే ఆగిపోయాయి, చాలా రాష్ట్రాల్లో బస్సులు ఆగిపోయాయి. గాలిలో వెళ్లేవాడికి రోజుల లెక్కన, నేల మీద నడిచేవాడికి గంటల లెక్కన గడువు ఇవ్వడానికి వైరస్‌లో ఏ కారణమూ లేదు. ఆ వైరస్ ఈ దేశంలోకి వచ్చింది విమానాల్లోనే.

తేదీ గురించి ఇంకొకటి చూడాలి. మార్చి 24 అంటే నెలాఖరు. ఫ్యాక్టరీలో, హోటల్లో, సెక్యూరిటీ ఏజెన్సీలో పనిచేసేవాడి జీతం వచ్చే నెల ఒకటి నుంచి ఏడో తారీఖు మధ్య చేతికొస్తుంది. నెల మొత్తంలో అతని జేబు ఖాళీగా ఉండే వారం ఏదైనా ఉందంటే అది ఇదే. అడ్డా మీద నిలబడి ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవాడికి నెలతో పనిలేదు, అతనికి మర్నాడే గండం. ఒడిశాలోని బలంగీర్ నుంచి మన పెద్దపల్లి, సంగారెడ్డి, యాదాద్రి వైపు ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల సంగతి ఇంకోటి. వాళ్లు శీతాకాలం మొదట్లో సర్దార్ (కూలీల మేస్త్రి) దగ్గర అడ్వాన్సు తీసుకుని వస్తారు, వారం వారం ఇచ్చే ఖురాకీ (తిండిఖర్చు) మీద బతుకుతారు, అసలు లెక్క మే, జూన్‌లో సీజను ముగిసేటప్పుడు తేలుతుంది. మార్చిలో బట్టీ ఆగితే లెక్క తేలదు, ఖురాకీ రాదు, కదలడానికి లేదు. వీళ్లెవరూ లెక్కలోకి రాని కొద్దిమంది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం పుట్టిన ఊరో, మునుపున్న ఊరో వదిలి దేశంలోనే ఇంకోచోట ఉంటున్నవాళ్లు 45 కోట్లు. లాక్‌డౌన్ టైము చూసినవాళ్ల ముందు ఈ అంకె ఉంది.

సాయం మాటేమిటంటారు. కేంద్రం 1.7 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించింది మార్చి 26న. తాళం పడ్డాక ఒకటిన్నర రోజుకు. మనిషికి నెలకు 5 కిలోల ఉచిత ధాన్యం అందులో ముఖ్యమైనది. కానీ అది రేషన్ కార్డున్నవాళ్లకు. వలస కూలీ కార్డు ఊళ్లో ఉంటుంది, అతను ఊరుగాని ఊళ్లో ఉంటాడు. ఎక్కడి కార్డుతో ఎక్కడైనా బియ్యం తీసుకునే ఏర్పాటు దేశంలో అప్పటికే మొదలైంది. 2019 ఆగస్టులో దాన్ని మొదట చేసి చూపించిన రెండు జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. కానీ 2020 మార్చి నాటికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా, బిహార్ అందులో లేవు. తెలంగాణ పొలాల్లో, బట్టీల్లో, కట్టడాల్లో పనిచేస్తున్నది ఎక్కువగా ఆ రాష్ట్రాలవాళ్లే. కార్డు లేని వలస కూలీలకూ ధాన్యం ఇస్తామని కేంద్రం చెప్పింది మే 14న. లాక్‌డౌన్ మొదలైన యాభై రోజులకు. ధాన్యం లేకనా? మార్చిలో ఎఫ్‌సీఐ గోదాముల్లో బియ్యం, గోధుమలు కలిపి 5.5 కోట్ల టన్నులకు పైగా ఉన్నాయి. ఏప్రిల్ ఒకటి నాటికి ఉండాల్సిన నిల్వ సుమారు 2.1 కోట్ల టన్నులు. అవసరానికి రెండింతలకు మించి గింజలు గోదాముల్లో పెట్టుకుని, వాటిని బయటికి తెచ్చే ఉత్తర్వుకు యాభై రోజులు తీసుకున్నారు. మూసే ఉత్తర్వుకు నాలుగు గంటలు సరిపోయాయి. ఇది డబ్బు చాలని పేద దేశం కష్టం కాదు. ఏది ముందు చేయాలో తేల్చుకోవడంలో జరిగిన తప్పు.

మన రాష్ట్రాలు ఇంతకంటే నయమే గానీ పూర్తిగా నయం కాదు. తెలంగాణ మార్చి 22న లాక్‌డౌన్ ప్రకటించినప్పుడే రేషన్ కార్డున్న కుటుంబాల్లో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇస్తామంది. మూతను, సాయాన్ని ఒకే నోటితో చెప్పడం మంచి పద్ధతి. అదే రాష్ట్రం బయటి రాష్ట్రాల కూలీలకు 12 కిలోల బియ్యమో పిండో, 500 రూపాయలో ఇస్తామన్నది ఆ తర్వాత వారానికి. ఆ వారంలోనే మేడ్చల్ దాటి నాగపూర్ దారి మీద జనం నడక మొదలుపెట్టారు.

సరిహద్దులో జరిగింది తెలుగువాళ్లెవరూ మర్చిపోలేరు. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు కోచింగ్ పిల్లలు, చిన్న ఉద్యోగాలవాళ్లు ట్రంకు పెట్టెలతో రోడ్డు మీదికొచ్చారు. తిండి లేదు, గది లేదు. పోలీసు స్టేషన్లు మార్చి 25న ఊరెళ్లడానికి పాసులు రాసిచ్చాయి. ఆ పాసులు పట్టుకుని జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టుకు చేరితే, ఇవి మాకు చెల్లవని ఆంధ్ర పోలీసులు ఆపేశారు. పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంటామని ఒప్పుకున్నవాళ్లలో కొందరిని లోపలికి రానిచ్చారు. మిగిలినవాళ్లు కార్లలో, బైకుల మీద, రోడ్డు పక్కన రాత్రంతా పడిగాపులు కాశారు. అటు పొందుగుల దగ్గర గొడవ రాళ్లు రువ్వేదాకా వెళ్లింది. జనాన్ని ఎడంగా ఉంచడానికి వేసిన లాక్‌డౌన్ రెండో రోజునే వేలమందిని ఒక గేటు ముందు గుంపుగా నిలబెట్టింది. ఒక ప్రభుత్వం పంపింది, ఇంకో ప్రభుత్వం ఆపింది. రెండూ తమకు తోచిన మేరకు సరిగ్గానే చేస్తున్నామనుకున్నాయి. వాటికి మాట్లాడుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఇక్కడ ఒక గట్టి ఎదురు ప్రశ్న ఉంది. దాన్ని తప్పించుకోను. నాలుగు రోజులు గడువిస్తే జనం స్టేషన్ల మీద పడేవారు, వైరస్‌ను ఊళ్లకు మోసుకెళ్లేవారు, అందుకే చెప్పకుండా మూయాల్సి వచ్చింది అంటారు. దీనికి ఉదాహరణలు కూడా ఉన్నాయి. మార్చి 7 రాత్రి లొంబార్డీని మూస్తున్నారన్న వార్త పొక్కగానే మిలాన్ స్టేషన్‌కు జనం పరుగెత్తారు. బంగ్లాదేశ్ మార్చి 26 నుంచి సెలవులని మూడు రోజుల ముందు చెబితే ఢాకా ఘాట్లలో పడవలు కిక్కిరిశాయి. నిజమే. కానీ ఈ వాదన నిలబడాలంటే గడువివ్వకపోతే జనం కదలకుండా ఉండిపోవాలి. మన దగ్గర ఉండిపోయారా? మార్చి 28న ఢిల్లీ ఆనంద్ విహార్ బస్టాండు దగ్గర వేలాది మంది ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డారు. 31న కేంద్రం సుప్రీంకోర్టులో ఇప్పుడు రోడ్ల మీద ఎవరూ లేరంది, జనం కదలడానికి తప్పుడు వార్తలే కారణమంది. ఆ తర్వాత ఏప్రిల్, మే నెలలు ఎండలో నడిచారు. మొత్తం మీద కోటి మందికి పైగా సొంత రాష్ట్రాలకు చేరారని ఆ ప్రభుత్వమే తర్వాత లోక్‌సభకు చెప్పింది. కదలిక ఆగలేదు, వాయిదా పడిందంతే.

ఆ వాయిదా వల్లే అసలు నష్టం జరిగింది. మార్చి చివర్లో సూరత్, ముంబై, ఢిల్లీ బస్తీల్లో జబ్బు ఇంకా అంతగా పాకలేదు. ఒక గదిలో ఎనిమిది పదిమంది పడుకునే చోట్ల మనుషుల్ని నెలన్నర బంధించి, జబ్బు బాగా పాకాక మే నెలలో రైళ్లెక్కించారు. ఏం జరిగిందో చూడటానికి మన పక్కనున్న గంజాం జిల్లా చాలు. బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల నుంచి లక్షలమంది సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తారు. మే మొదటి రోజుల దాకా గంజాంలో ఒక్క కేసు లేదు. సూరత్ నుంచి వచ్చినవాళ్లతో మే 2న మొదటి కేసులు బయటపడ్డాయి. జూలై నాటికి ఒడిశా మొత్తంలో ఎక్కువ కేసులున్న జిల్లా అదే. మన శ్రీకాకుళం కూడా ఏప్రిల్ చివరి వారం దాకా కేసుల్లేకుండా ఉంది, ఢిల్లీ నుంచి వచ్చిన మనిషితో అక్కడా మొదలైంది. వీళ్లు ఊరు చేరడమే నేరం అన్నట్టు అప్పట్లో మాట్లాడారు. వాళ్లు ఊరు చేరాలనుకున్నది మార్చిలో. మార్చిలో పంపి ఉంటే ఆరోగ్యంగా చేరేవారు. మే దాకా ఆపింది వాళ్లు కాదు.

గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకుపోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 4 వేల మంది పైచిలుకు. పడవల్లోనే పడుకున్నారు, పడవల్లోనే వండుకున్నారు. ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బస్సులు పెట్టించి తెప్పించింది. అప్పుడు సాధ్యమైన పని మార్చి 22న ఎందుకు సాధ్యం కాదో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. రైళ్ల సంగతీ అంతే. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1 తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచే బయల్దేరింది, జార్ఖండ్‌లోని హతియాకు, సుమారు 1,200 మందితో. అంతకు రెండు రోజుల ముందు కందిలో ఐఐటీ కట్టడం పనిచేస్తున్న కూలీలు జీతాల కోసం, ఊళ్లకు పంపమని తిరగబడ్డారు. ఆ రైలు ఎంత పద్ధతిగా నడిచింది! 24 బోగీలు, బోగీకి 54 మంది, ఎక్కేముందు జ్వరం పరీక్ష, అవతల దిగాక క్వారంటైన్. ఇలా నడపొచ్చని మే 1న తెలిసింది. మార్చి 19 నుంచి 24 దాకా రోజుకు కొన్ని వందల రైళ్లు ఇలాగే నడిపి, తర్వాత తాళం వేయకుండా ఆపిందేమిటి? అప్పటికి రైల్వేకు బోగీలు లేవా, సిబ్బంది లేరా?

ఆ వాయిదాకు బలైనవాళ్లలో ఒక పిల్ల ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా నుంచి మిరపకాయలు కోయడానికి ములుగు జిల్లాకు వచ్చిన పన్నెండేళ్ల పిల్ల. కోతలకు వచ్చే ఆదివాసీలకు కూలి కొంత డబ్బుగానూ కొంత మిరపకాయలుగానూ ముడుతుంది. పని ఆగితే రెండూ లేవు. మూడు వారాలు ఓపిక పట్టారు. ఏప్రిల్ 14న లాక్‌డౌన్ పొడిగించారు. మర్నాడు తోటివాళ్లతో కలిసి నడక మొదలుపెట్టింది. పోలీసులు ఆపుతారని అడవి దారిన పోయారు. మూడు రోజులు నడిచి, ఇల్లు దగ్గరపడ్డాక 18న ప్రాణం వదిలింది. పరీక్ష చేస్తే కరోనా లేదు. ఒంట్లో నీళ్లు లేక, సత్తువ లేక పోయింది. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు బండి వెళ్లింది. వాళ్లు వెతుక్కుంటూ వెళ్తున్నది శ్రామిక్ రైలునే.

2020 సెప్టెంబర్ 14న ఆరోగ్య మంత్రి లోక్‌సభలో లాక్‌డౌన్ వల్ల 14 నుంచి 29 లక్షల కేసులు, 37 వేల నుంచి 78 వేల మరణాలు తప్పాయని చెప్పారు. ‘ముందే వేశాం’ వాదనకు ఇప్పటికీ మూలస్తంభం ఇదే. అదే రోజు, అదే సభలో, దారిలో చనిపోయిన వలస కూలీలెందరని అడిగితే కార్మిక శాఖ తమ దగ్గర లెక్క లేదని రాతపూర్వకంగా జవాబిచ్చింది. తప్పిన మరణాలను వేల దాకా లెక్కగట్టగలిగారు, జరిగిన మరణాలను లెక్కపెట్టలేదు. ఒక పక్క మాత్రమే అంకెలున్న పద్దును లాభం పద్దు అనలేం. పైగా ఆ అంచనా పోల్చింది అసలు ఏమీ చేయకపోవడంతో. ఏమీ చేయొద్దని ఎవరడిగారు? పోల్చాల్సింది నాలుగైదు రోజులు గడువిచ్చి, జనాన్ని ఊళ్లకు చేర్చి, బియ్యం ముందే పంచి వేసిన లాక్‌డౌన్‌తో. ఆ లెక్క ఎవరూ వేయలేదు.

చదువుకున్నవాళ్లు ఇంకో ఉదాహరణ తెస్తారు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికాలోని ఫిలడెల్ఫియా జబ్బు మొదలయ్యాక కూడా సెప్టెంబర్ 28న పెద్ద ఊరేగింపు జరిపింది, అక్టోబర్ 3న గానీ మూతలు పెట్టలేదు. సెయింట్ లూయిస్ మొదటి కేసులు చూసిన రెండు రోజులకే, అక్టోబర్ 7న, మూసింది. మరణాలు ముమ్మరంగా ఉన్న వారంలో ఫిలడెల్ఫియాలో లక్షకు 257 మంది పోతే సెయింట్ లూయిస్‌లో 31 మంది. తొందరగా మూయడం వల్ల ప్రాణాలు మిగులుతాయనడానికి ఇంతకంటే మంచి రుజువు లేదు, నేనూ ఒప్పుకుంటాను. అయితే సెయింట్ లూయిస్ ఆ రోజు మూసింది బడులు, సినిమా హాళ్లు, చర్చిలు, జనం గుమిగూడే చోట్లు. ఊళ్లో ఉన్న ప్రతి కూలి పనినీ నాలుగు గంటల్లో ఆపలేదు, రైళ్లు ఆపి మనుషుల్ని పరాయి ఊళ్లో వదిలేయలేదు. ఆ పద్ధతి ప్రకారమైతే మన దగ్గర సభలు, పెళ్లిళ్లు, జాతరలు, మాల్స్ ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఆగాల్సింది. సెయింట్ లూయిస్ పేరు చెప్పి మార్చి 24ను సమర్థించడం కుదరదు. ఆ నగరం కథ చెప్పేది మనం చిన్న మూతలకు ఆలస్యం చేశామనీ, పెద్ద మూతకు తొందరపడ్డామనీ.

సరిగ్గా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కేరళ మార్చి 19నే 20 వేల కోట్ల సాయం ప్రకటించింది. రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించింది 23న. ముందు సాయం, తర్వాత మూత. దక్షిణాఫ్రికాలోనూ మనలాగే రోజు కూలి మీద బతికే జనం లక్షల్లో ఉన్నారు. ఆ దేశం మార్చి 23న ప్రకటించి 26 అర్ధరాత్రి నుంచి మూసింది. న్యూజీలాండ్ రెండు రోజులిచ్చింది, సింగపూర్ నాలుగు రోజులిచ్చింది. వీళ్లంతా అన్నీ సరిగ్గా చేశారని కాదు. సింగపూర్‌లో డార్మిటరీల్లోని వలస కార్మికుల్లో జబ్బు ఎంతగా పాకిందో అందరికీ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే, గడువివ్వడం అసాధ్యమైన పనేమీ కాదు.

లాక్‌డౌన్ ఎత్తేసిన రోజులు కూడా చూడండి. మూసినప్పుడు దేశంలో మొత్తం కేసులు 500. జూన్ 1న సడలింపులు మొదలుపెట్టేనాటికి రోజుకు 8 వేలు. ఆ రెండు నెలల్లో ల్యాబులు, పడకలు, పీపీఈ కిట్లు పెరిగిన మాట వాస్తవం, అది చిన్న పని కాదు. కానీ జబ్బు పైకి ఎక్కుతుంటే తలుపులు తీయాల్సి వచ్చిందెందుకు? జనం ఓపిక, ప్రభుత్వాల ఖజానా మే నెలాఖరుకే అడుగంటాయి కాబట్టి. ఆకలితో మొదలైన లాక్‌డౌన్ అవసరమైనంత కాలం నిలవదు. సెప్టెంబర్‌లో రోజుకు 97 వేల కేసులు వచ్చినప్పుడు దేశం తెరిచే ఉంది.

అసలు శిక్ష మాత్రం ఆ మరుసటి ఏడు పడింది. 2021 ఏప్రిల్ మొదటి వారంలో రోజుకు లక్ష కేసులు, నెల మధ్యకు రెండు లక్షలు, నెలాఖరుకు నాలుగు లక్షలు. అప్పుడు కావాల్సింది లాక్‌డౌనే, కొద్ది వారాలకు, కొన్ని చోట్ల, వెంటనే. ఏప్రిల్ 20న ప్రధాని రాష్ట్రాలకు దాన్ని చివరి అస్త్రంగా మాత్రమే వాడమన్నారు. తెలంగాణలో ఏప్రిల్ 14న హాలియాలో ముఖ్యమంత్రి బహిరంగ సభ జరిగింది. 17న నాగార్జునసాగర్‌లో, తిరుపతిలో ఉపఎన్నికలు. 30న వరంగల్, ఖమ్మం మున్సిపల్ ఎన్నికలు. లాక్‌డౌన్ వచ్చింది మే 12న, హైకోర్టు వాయిదా తర్వాత వాయిదాలో నిలదీశాక. ఆంధ్రప్రదేశ్‌లో పగటి కర్ఫ్యూ మే 5న మొదలైంది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తెగి 11 మంది పోయారు. అదే రోజుల్లో హైదరాబాద్‌కు వస్తున్న అంబులెన్సులను సరిహద్దులో ఆపితే హైకోర్టు అడ్డుకోవాల్సి వచ్చింది.

కేంద్రం గానీ మన రెండు రాష్ట్రాలు గానీ ఆ ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేయడానికి సాహసించలేదు. ముందు ఏడాది జనం పడ్డ పాట్లు అందరి కళ్ల ముందూ ఉన్నాయి కాబట్టి. 2020లో అది ఘనవిజయమైతే 2021లో అంత అవసరంలో దాన్ని ఎందుకు వాడలేకపోయారో ఆ వాదన చేసేవాళ్లు జవాబు చెప్పాలి. వేళ కాని వేళలో, ఏ ఏర్పాటూ లేకుండా వేసిన మొదటి లాక్‌డౌన్, వేళకు వేయాల్సిన రెండో లాక్‌డౌన్‌ను వేయనివ్వకుండా చేసింది. నా మటుకు నాకు దాని అతి పెద్ద నష్టం ఇదే. దీన్ని ఏ అంచనాలోనూ కలపలేదు.

ఇప్పటికీ చట్టం ఈ విషయంలో మారలేదు. అంటువ్యాధుల చట్టం 1897 ఫిబ్రవరిలో బొంబాయి ప్లేగు నాటిది. అందులో ప్రభుత్వానికి అధికారాలున్నాయి, మాట వినని జనానికి శిక్షలున్నాయి, అధికారులకు రక్షణ ఉంది. మూసేముందు జనానికి ఏం ఇవ్వాలో ఒక్క ముక్క లేదు. 2020లో దాన్ని సవరించి వైద్య సిబ్బంది మీద దాడులకు శిక్షలు చేర్చారు. అది కావాల్సిందే. కానీ సాయం ఊసు అప్పుడూ రాలేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో పన్నెండో సెక్షన్ కనీస సాయానికి ప్రమాణాలు ముందే రూపొందించాలంటుంది. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు మృతుల కుటుంబాల పరిహారం విషయంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆ విధిని నెరవేర్చలేదని తప్పుపట్టింది. కాబట్టి కదలికల్ని ఆపే ఏ ఉత్తర్వైనా కనీసం మూడు రోజుల గడువుతో రావాలని, ఆ మూడు రోజులూ రైళ్లు, బస్సులు నడవాలని, కార్డు లేనివాళ్లకు కూడా బియ్యం విడుదల చేసే జీవో అదే రోజు, అదే సంతకంతో రావాలని చట్టంలో రాయాలి. ప్రమాదం మరీ ముంచుకొస్తే గడువు తగ్గించొచ్చు, బియ్యం ఉత్తర్వు మాత్రం ఆలస్యం కాకూడదు.

ఢిల్లీ రాసేదాకా మన రెండు రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 2025 దాకా ఉండేది. మేస్త్రి తెచ్చిన ప్రతి కూలీ పేరు రాయాలని, దారిఖర్చు ఇవ్వాలని అది అప్పుడే చెప్పింది. ములుగు, భద్రాద్రి జిల్లాల్లో మిరప కోతలు జనవరిలో ఊపందుకుంటాయి. గోదావరి దాటి వచ్చే కూలీలు ఏ ఊళ్లో, ఏ రైతు చేలో ఎందరున్నారో పంచాయతీ కార్యదర్శి రెండు రోజుల్లో రాసుకోగలడు. ఇటుక బట్టీల లెక్క తీయడానికి తహసీల్దారుకు వారం పట్టదు. ఆ జాబితా రేషన్ దుకాణంలో ఉంటే, రేపు ఏ రాత్రి ఏ ప్రకటన వచ్చినా మర్నాడు పొద్దున ఎవరి గుడిసెకు బియ్యం పంపాలో డీలరుకు తెలుస్తుంది. ఈ జాబితా ఈ సీజను నుంచే మొదలుపెట్టమని అడుగుతున్నాను.